అవ్వ విసుర్రాయి జారిన రోజు

టీవీలో ఒకామె నేల ఊడుస్తోంది.

ఊరికే ఊడవడం కాదు. నడుం వంచి, ఆయాసపడుతూ, చీపురు విరిగిపోతుందేమో అన్నంత జోరుగా ఊడుస్తోంది. పక్కన ఇంకొకామె కూడా అట్లాగే ఊడుస్తోంది. వాళ్ల వెనకాలే ఒక గుండ్రటి రాయి జారుకుంటూ వస్తోంది. చుట్టూ జనం కూర్చుని చప్పట్లు కొడుతున్నారు.

"ఇదేం ఆటరా?" అంది మునిలక్ష్మి.

"ఏమో మే. నేనూ ఇప్పుడే సూస్తా ఉండా," అన్నాడు సైఫుల్లా.

చిత్తూరులో ఆ వీధి మొత్తానికి టీవీ ఉండేది సైఫుల్లా ఇంట్లోనే. వాళ్ల నాయన హజరత్ వలి రేడియోలు బాగుచేస్తాడు. పాత టీవీ ఒకటి కొని, దాన్నీ బాగుచేసి ముందు గదిలో పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నమైతే మునిలక్ష్మి, ఆమె తమ్ముడు మునికృష్ణ అక్కడే ఉంటారు. మునిలక్ష్మి, సైఫుల్లా ఇద్దరూ ఆరో తరగతి. తమ్ముడు రెండో తరగతి.

సైఫుల్లా వాళ్లమ్మ జైతున్‌బీ గడప దగ్గర నిలబడి చూసింది.

"ఊడ్చేదానికి చప్పట్లా? నేను దినామూ రెండు పూట్లా ఊడుస్తా ఉండా. ఈ ఇంట్లో ఒక్కరన్నా కొట్టినారా?" అంది.

పిల్లలు ముగ్గురూ ఆమెకు చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వుకుంటూ లోపలికి పోయింది.

హజరత్ వలి మిద్దె మీద యాంటెన్నా తిప్పి కిందికి దిగి వచ్చాడు. కాసేపు ఇంగ్లీషు మాటలు విన్నాడు.

"అది నేల కాదప్పా, మంచు. నీళ్లు గడ్డకట్టి బండ మాదిరి అయ్యుండాది. ముందర ఊడిస్తే రాయి ఇంకా దూరం జారతాదంట. ఆ చివర గీసిన గుండ్రాల్లో పోయి నిలబడితే గెలిచినట్టు."

టీవీలో ఇప్పుడు రాయిని దగ్గరగా చూపించారు. బల్లపరుపుగా, గుండ్రంగా ఉంది. పైన పట్టుకోవడానికి పిడి ఉంది.

మునిలక్ష్మి కళ్లు ఆ పిడి మీద నిలిచిపోయాయి. గుండ్రటి రాయి. పైన పిడి. అట్లాంటిది తను రోజూ చూస్తూనే ఉంది.

"రేయ్ సైఫుల్లా! సుబ్బులమ్మ అవ్వ ఇసుర్రాయి!"

* * *

సుబ్బులమ్మ అవ్వ ఇల్లు మునిలక్ష్మి ఇంటి పక్కనే. అవ్వ ఒక్కతే ఉంటుంది. మధ్యాహ్నం పూట తన ఇంటి అరుగు మీద రాగి సంగటి అమ్ముతుంది. వీధి చివర బెల్లం మండీలో మూటలు మోసేవాళ్లు వచ్చి వరసగా కూర్చుంటారు. విస్తరిలో సంగటి ముద్ద, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి, పులుసు. అంతే. ఆ ముద్ద కోసం బస్టాండు నుంచి కూడా మనుషులు వస్తారు.

ఎందుకంటే అవ్వ రాగులను మిల్లుకు పంపదు. "మిల్లులో పిండి కాలిపోతాది," అంటుంది. తన విసుర్రాయిలోనే విసురుతుంది. విసిరే ముందు ఆ రాయికి దండం పెట్టుకుంటుంది. దాని పిడి దగ్గర ఎప్పుడూ పసుపు బొట్టు ఉంటుంది.

రాగుల్లో రాళ్లు ఏరేది మునిలక్ష్మి. బడి నుంచి వచ్చాక చేట ముందర వేసుకుని కూర్చుంటుంది. ఎర్రటి రాగుల్లో ఎర్రటి రాయి ఉన్నా ఇట్టే పట్టేస్తుంది.

"నీవి గద్ద కండ్లు పాపా," అంటుంది అవ్వ. ఆ మాట వింటే మునిలక్ష్మికి కడుపు నిండినట్టు ఉంటుంది.

ఆదివారం మండీకి సెలవు. అవ్వ పొద్దున్నే బస్సెక్కి అరగొండలో చెల్లెలి ఇంటికి పోతుంది. పోతూ పోతూ ఇంటికి బీగం వేసి, బీగంచెవి మునిలక్ష్మికి ఇస్తుంది.

"కోళ్లకు నూకలెయ్ పాపా. చెవి నీ తావ ఉంటే నాకు దిగుల్లేదు."

ఆ ఆదివారం కూడా అట్లాగే ఇచ్చి పోయింది.

* * *

విసుర్రాయికి రెండు రాళ్లు. కిందిది కదలదు. పైది తిరుగుతుంది. పైరాయిని ఎత్తడానికి మునిలక్ష్మి, సైఫుల్లా ఇద్దరూ చెయ్యి వేయాల్సి వచ్చింది. గోనెపట్టలో పెట్టుకుని మోశారు. తమ్ముడు రెండు చీపుర్లు, ఒక బకెట్టు పట్టుకుని వెనకాల నడిచాడు.

మండీ ముందర పొడుగాటి వసారా ఉంది. నున్నటి సిమెంటు నేల. మనిషి అన్నవాడు లేడు.

సైఫుల్లా బకెట్టు నీళ్లలో బట్టల సబ్బు కలిపి పోశాడు. నేల నిగనిగలాడింది. మునిలక్ష్మి ఆ చివర బొగ్గుతో మూడు గుండ్రాలు గీసింది.

"నేను ఇడుస్తా. మీరిద్దరూ ఊడవండి," అంది.

మోకాలి మీద కూర్చుని పిడి పట్టుకుని తోసింది. రాయి కదిలింది. బరబరమంటూ రెండు బారలు పోయి ఆగింది.

"సబ్బు సాలలేదు," అన్నాడు తమ్ముడు.

ఇంకా సబ్బు వేశారు. ఈసారి రాయి జారింది. సైఫుల్లా, తమ్ముడు ముందర ఊడుస్తూ పరుగెత్తారు. తమ్ముడు జారి కూలబడ్డాడు. కూలబడే ఊడ్చాడు. రాయి మొదటి గుండ్రంలోకి పోయి నిలబడింది.

ముగ్గురూ ఎగిరి గంతేశారు.

"ఇంకొక తూరి! నడిమి గుండ్రం!" అని అరిచింది మునిలక్ష్మి.

రెండు చేతులతో, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోసింది.

రాయి నడిమి గుండ్రంలో నిలబడలేదు. గుండ్రాలన్నీ దాటింది. వసారా అంచు దాటింది. కింద ఉన్న రాతిమెట్టు మీద పడింది.

టంగ్ మని మోగింది.

ముగ్గురూ మెల్లగా పోయి రాయిని తిరగేశారు. పైన ఏమీ కాలేదు. పిడి గట్టిగానే ఉంది. అడుగున మాత్రం, పిండి విసిరే ముఖం మీద, రూపాయి బిళ్లంత పెచ్చు లేచిపోయింది. ఆ చోటు తెల్లగా ఉంది. మునిలక్ష్మి వేలు పెట్టి రుద్దింది. సన్నటి ఇసక రాలింది.

"అవ్వ సంపేస్తాది," అన్నాడు తమ్ముడు ఏడుపు గొంతుతో.

"అడుగున గదా ఉండాది. ఎవురికి కనిపిస్తాది?" అన్నాడు సైఫుల్లా. "గమ్మున తీసకపోయి పెట్టేద్దాం."

అట్లాగే చేశారు. తుడిచి, ఎక్కడి రాయిని అక్కడ పెట్టేశారు. అప్పుడు మునిలక్ష్మి చూసింది. సబ్బునీళ్లకు పసుపు బొట్టు పోయింది.

గూట్లో అవ్వ పసుపు డబ్బా ఉంది. మునిలక్ష్మి వేలు తడిపి, పసుపు అద్ది, పిడి దగ్గర బొట్టు పెట్టింది. అవ్వ పెట్టినంతే పెద్దది. అవ్వ పెట్టిన చోటే.

పొద్దు గూకేటప్పుడు అవ్వ వచ్చింది. బీగంచెవి తిరిగి అడగలేదు, అది మునిలక్ష్మి జేబులోనే ఉండిపోయింది. రాగులు విసరడానికి కూర్చుని దండం పెట్టుకుంటూ ఆగిపోయింది.

"బొట్టు కొత్తగా ఉండాదే. ఎవురు పెట్టినారు? నువ్వేనా పాపా?"

మునిలక్ష్మి తలూపింది.

"నేను సెప్పకుండానే పెట్టినావే. మంచి బిడ్డవమ్మా," అంది అవ్వ. ఆమె తల నిమిరింది.

ఆ చెయ్యి ఎప్పుడు తీస్తుందా అని చూసింది మునిలక్ష్మి.

* * *

సోమవారం మధ్యాహ్నం బడి నుంచి అన్నానికి వచ్చిన మునిలక్ష్మి, రోజూ మాదిరే అరుగు మీద మనుషులకు నీళ్లు పోస్తోంది. చెంగయ్య ముద్ద తుంచి నోట్లో పెట్టుకున్నాడు. చెంగయ్య మండీలో అందరికంటే ఎక్కువ మూటలు మోసేవాడు. ముద్దలు కూడా అందరికంటే ఎక్కువ తింటాడు.

అతను ఆగి, నోట్లో వేలు పెట్టుకున్నాడు.

"ఏమవ్వా, సంగటికి పులుసు పోస్తావనుకుంటే ఇసక గూడా పోస్తా ఉండావే?"

అందరూ నవ్వారు. పక్కన కూర్చున్నతను, "నాకూ తగిలింది," అన్నాడు. నవ్వు ఆగింది.

అవ్వ ముఖం చిన్నదైంది. "రాయి వచ్చిందా అప్పా?"

"రాగులు ఏరేది ఈ పాప గదా? ఏమ్మే, ఏరేటప్పుడు నిద్రపోయినావా?" అన్నాడు చెంగయ్య.

మునిలక్ష్మి చేతిలో చెంబు ఆగింది.

"పాపనేమీ అనొద్దప్పా," అంది అవ్వ వెంటనే. "ఈ తూరి నేనే ఏరినా. నా కండ్లకు మసక కమ్మింది. నాదే తప్పు."

అవ్వ ఏరలేదు. మునిలక్ష్మే ఏరింది. అది అవ్వకు తెలుసు, మునిలక్ష్మికి తెలుసు. రాళ్లు రాగుల్లోవి కావని మాత్రం మునిలక్ష్మి ఒక్కదానికే తెలుసు.

ఆమె చెంబు కింద పెట్టి బడికి పోయింది. అన్నం తినలేదు.

"చెప్పేద్దామురా," అంది సైఫుల్లాతో.

"అరిగీ అరిగీ అదే నున్నగా అయిపోతాదిలే. రెండు దినాలు ఓర్చుకో."

సాయంత్రం అవ్వ చేట తెచ్చి వాకిట్లో వెలుగు పడే చోట వేసింది.

"ఈ పొద్దు ఇద్దరం ఏరుదాం పాపా. నువ్వు ఏరినంక నేనొకసారి సూస్తా."

మునిలక్ష్మి ఏరింది. ఒక్క రాయి కూడా వదల్లేదు. తర్వాత అవ్వ చేట మీదికి వంగింది. ముక్కు రాగులకు తగిలేంతగా వంగింది. ఒక్కొక్క గింజనూ వేలితో జరుపుతూ వెతికింది. అందులో ఏమీ లేదు. అయినా వెతికింది.

మునిలక్ష్మి తల ఎత్తలేకపోయింది.

ఇంట్లో అమ్మ రాఘవమ్మ అడిగింది. "సంగటిలో రాళ్లంట గదా? మనసుపెట్టి ఏరితే రాళ్లెట్లా వస్తాయే?"

"అమ్మా, ఇసుర్రాయి..." అన్నాడు తమ్ముడు.

మునిలక్ష్మి వాడి తొడ గిల్లింది. వాడు నోరు మూసుకున్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాణ్ని కూడా అబద్ధంలోకి లాగానని ఆమెకు తెలిసింది.

* * *

మంగళవారం రాళ్లు తగ్గలేదు. ఎక్కువయ్యాయి.

నలుగురు ముద్ద సగంలో వదిలేసి లేచారు. ఎవరూ అరవలేదు. అవ్వ ముఖం చూడకుండా చేతులు కడుక్కుని పోయారు. అరిస్తేనే బాగుండేది.

అందరూ పోయాక అవ్వ విస్తర్లు తీసింది. కుండలో ఇంకా సంగటి మిగిలి ఉంది. పారేయడానికి మనసు రాక, ఒక ముద్ద తీసుకుని తనే తినసాగింది. అవ్వకు ఉన్నవి నాలుగు పళ్లు.

కరక్ మని వినబడింది.

అవ్వ దవడ పట్టుకుంది. కాసేపు అట్లాగే ఉండి, మళ్లీ తింది.

"పాపా," అంది. "రేపటితో సాలిస్తాను."

"ఏందవ్వా?"

"సంగటి. కండ్లు కనపడనిది ఒకరికి కూడు పెట్టకూడదు. పెట్టి వాళ్ల పండ్లు ఇరగ్గొట్టకూడదు."

మునిలక్ష్మి కుండలో మిగిలిన సంగటి వైపు చూసింది.

"నువ్వు మనసులో పెట్టుకోవద్దు," అంది అవ్వ. "సిన్నపిల్లవు. ఏరేటప్పుడు రెండు రాళ్లు తప్పిపోయింటాయి. ఎవురికైనా తప్పిపోతాయి. నేను ఎవురికీ సెప్పలేదులే."

మునిలక్ష్మి అక్కడ నిలబడలేకపోయింది. బడికి పరుగెత్తింది. ఆ పూట మాష్టారు అడిగిన లెక్కకు నోరు తెరవలేదు. చేయి చాపమంటే చాపింది. దెబ్బ పడితే కొంచెం హాయిగా అనిపించింది.

* * *

బుధవారం మధ్యాహ్నం గంట కొట్టగానే ఆమె సైఫుల్లా దగ్గరికి పోయింది.

"నేను చెప్పేస్తా ఉండా. నువ్వు రావద్దు. నీ పేరు చెప్పను."

అరుగు మీద ముగ్గురే కూర్చుని ఉన్నారు. చెంగయ్య, ఇంకో ఇద్దరు. పాత మొగమాటం కొద్దీ వచ్చినవాళ్లు. అవ్వ విస్తర్లు వేస్తోంది.

మునిలక్ష్మి అరుగెక్కింది. జేబులోంచి బీగంచెవి తీసింది.

"రాళ్లు రాగుల్లోవి కాదు," అంది.

మాట సన్నగా వచ్చింది. అందరూ ఆమె వైపు చూశారు. మళ్లీ, గట్టిగా చెప్పింది.

"రాళ్లు రాగుల్లోవి కాదు. అవ్వ కండ్లు మంచివే. రాగులు ఏరింది అవ్వ కాదు, నేను. నేను ఒక్కటి గూడా ఇడిసిపెట్టలేదు. రాళ్లు ఇసుర్రాయివి. దాన్ని నేను పగలగొట్టినా."

"ఏం మాట్లాడతా ఉండావే?" అంది అవ్వ.

"అడుగున సూడండి."

చెంగయ్య లేచాడు. లోపలికి పోయి పైరాయిని ఒక్కడే ఎత్తి తిరగేశాడు. తెల్లటి గుంట బయటపడింది. అతను బొటనవేలితో రుద్దాడు. ఇసక రాలింది.

"ఎట్లా పగిలింది?"

మునిలక్ష్మి చెప్పింది. టీవీ, మంచు, చీపుర్లు, మండీ వసారా, సబ్బునీళ్లు. చెబుతూ ఉంటే తన మాటలు తనకే పిచ్చిగా వినిపించాయి. ఒకతను ఫక్కున నవ్వాడు. చెంగయ్య నవ్వలేదు. అవ్వ ముఖం చూసి, నవ్వినతను కూడా ఆపేశాడు.

"నేను గూడా," అని వెనకనుంచి వినబడింది. సైఫుల్లా అరుగు కింద నిలబడి ఉన్నాడు. "నేను గూడా మోసినా. చెప్పొద్దని చెప్పింది నేనే."

అవ్వ ఇంకా రాయినే చూస్తోంది. పిడి దగ్గర పసుపు బొట్టు అట్లాగే ఉంది.

"ఆ బొట్టు," అంది మెల్లగా. "అది గూడా దీనికేనా పాపా పెట్టింది?"

రాయి ఎందుకు తీశావని అడగలేదు. ఎందుకు పగలగొట్టావని అడగలేదు. అదొక్కటే అడిగింది.

"ఊ," అంది మునిలక్ష్మి. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది.

ఏడుస్తూనే బీగంచెవి చాపింది. "ఇది నా తావ వద్దవ్వా."

అవ్వ తీసుకుంది. వద్దులే అనలేదు. కొంగు చివర పెట్టి ముడి వేసుకుంది.

* * *

గురువారం రాళ్లు కొట్టే మునిరామయ్యను చెంగయ్య పిలుచుకొచ్చాడు. మునిరామయ్య ఉలితో ఆ ముఖమంతా చెక్కాడు. గుంట పోయేదాకా చెక్కి, కొత్తగా గాట్లు పెట్టాడు. సాయంత్రానికి రాయి సిద్ధమైంది.

"ఇప్పుడే రాగులు పొయ్యాకండి. గాట్లలో రాతిపొడి ఉంటాది. మూడు తూర్లు నూకలు ఇసిరి పారబొయ్యాల. అంతవరకు మనుషులు తినే పిండి రాదు," అన్నాడు.

"నేను ఇసురుతా," అంది మునిలక్ష్మి.

"నేనూ," అన్నాడు సైఫుల్లా.

పిడికి చెరోవైపు కూర్చున్నారు. చెక్కినా రాయి బరువు తగ్గలేదు. ఒక్క చుట్టు తిప్పేసరికే భుజాలు లాగాయి. మొదటి తూరి పిండి బూడిదరంగులో వచ్చింది. రెండో తూరి కొంచెం తెల్లబడింది. మూడో తూరికి సైఫుల్లా అరచేతిలో బొబ్బ లేచింది.

"మూడైనాయి గదా," అన్నాడు.

మునిలక్ష్మి పిండి చిటికెడు తీసి వేళ్ల మధ్య రుద్దింది. నాలుక మీద వేసుకుంది.

"ఇంకొక తూరి," అంది.

నాలుగో తూరి విసిరారు. ఐదో తూరి కూడా విసిరారు. ఆ పిండినంతా అవ్వ కోళ్లు తిన్నాయి. కోళ్లకు రాళ్లు ఉన్నా పరవాలేదు.

అవ్వ గడపలో కూర్చుని చూస్తూ ఉంది. చీకటి పడబోతుండగా చేట తెచ్చి, అందులో రాగులు పోసి మునిలక్ష్మి ముందర పెట్టింది. మునిలక్ష్మి ఏరింది.

శుక్రవారం మధ్యాహ్నం అరుగు నిండింది. చెంగయ్య మండీ అంతా తిరిగి పిలుచుకొచ్చాడు. అందరూ వరసగా కూర్చున్నారు. అవ్వ కుండ మూత తీసింది. ఆవిరి లేచింది.

విస్తర్లలో ముద్దలు పడ్డాయి. ఊరుబిండి పడింది. పులుసు పడింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. అవ్వ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

మునిలక్ష్మి నీళ్ల చెంబు కింద పెట్టింది. ఒక విస్తరి తీసుకుంది. వరస చివర, చెంగయ్య పక్కన కూర్చుంది.

"అవ్వా, ముందర నాకు పెట్టు."

అవ్వ ముద్ద పెట్టింది. వంగినప్పుడు కొంగు ముడి మునిలక్ష్మి కళ్లముందరికి వచ్చింది. అందులో బీగంచెవి ఉంది. ఆమె అడగలేదు.

రాగి సంగటిని ఎవరూ పెద్దగా నమలరు. పులుసులో అద్ది మింగేస్తారు. మునిలక్ష్మి నమిలింది. ఇటు పళ్లతో నమిలింది, అటు పళ్లతో నమిలింది. అందరూ ఆమె దవడలే చూస్తున్నారు. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా తల దించలేదు. ముద్ద మొత్తం అయ్యేదాకా, ఒక్కొక్క తుంపునూ నమిలి నమిలి మింగింది.

"ఏమ్మే?" అన్నాడు చెంగయ్య.

"లేదు," అంది మునిలక్ష్మి. "ఒక్కటి గూడా లేదు."

చెంగయ్య తన ముద్ద తుంచి పులుసులో అద్దాడు.